సిలబస్ ప్రకారం సర్దిన మందుల దుకాణం

ఒక్క గోలీ కూడా తప్పుగా ఇవ్వకుండా మొత్తం మందుల దుకాణాన్నే ముంచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను రోజూ చూస్తాను. పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో ఎదురుగా నిలబడతాడు. అప్పటికీ ఇప్పటికీ జుట్టు కొంత తగ్గింది, పొట్ట అంతే పెరిగింది. తీసివేతా కూడికా సరిపోయి మనిషి మొత్తం మీద మారలేదు. ఆయన చేసిన ఘనకార్యం చెబుతాను, నవ్వండి. నవ్వడానికే చెబుతున్నాను. చివరికి వచ్చేసరికి నవ్వు రాకపోతే ఆ తప్పు మాత్రం మీది కాదు.

నా పేరు మల్లేశం. సిద్దిపేటలో రాజమౌళి సేటు మందుల దుకాణంలో పదో తరగతి కాగానే చేరాను. లెక్కలు నాకు బడిలో రాలేదు, గల్లపెట్టె పక్కన నిలబడితే వచ్చాయి. సేటు కాలిక్యులేటర్ మూత తీసేలోపు నేను బిల్లు నోటితో చెప్పేసేవాణ్ణి. జనం మెచ్చుకున్నారు. మెచ్చుకోలు నెత్తికెక్కితే ఏ దుకాణంలోనూ మందు దొరకదు. లోకంలో ప్రతిదానికీ ఒక లెక్క ఉంటుందని, లెక్క లేనిదేదైనా కనబడితే అది ఇంకా నా చేతికి రాలేదనీ నాకు గట్టి నమ్మకం కుదిరింది.

సేటుకు పిల్లల్లేరు. దుకాణం గోడకు ఆయన ఫార్మసిస్టు సర్టిఫికెట్ అద్దాల చట్రంలో వేలాడుతుండేది. ఆ కాగితం ఉంటేనే దుకాణం. అది లేకపోతే అద్దాల బీరువాల నిండా రంగురంగుల బిళ్లలున్న గది, అంతే. ఒకరోజు సేటు ఉన్నట్టుండి అన్నాడు.

“మల్లేశం, నువ్వు ఫార్మసీ చదువు.”

“నేనా సేటూ? నాకు ముప్పై ఆరు దాటినయ్.”

“మందుకైతే ఎక్స్‌పైరీ డేటు రాసుంటది. నీ మీద ఏడ రాసుందిరా? చదువు.”

“గిప్పుడేం తొందర?”

“తొందర నీకు కాదు.” గోడ మీది చట్రం వైపు చెయ్యి చూపాడు. “నా తర్వాత ఈ మొలకు నీ కాగితం ఏలాడాలె. లేకుంటే దుకాణం అమ్ముడే. అమ్మితే నువ్వేం జేస్తవ్? ఇంటికాడ సుగుణమ్మ అన్నం పెడితే దానికి బిల్లు కొడ్తవా?”

అంతే, ఒప్పుకున్నాను. ఆ ‘తొందర నీకు కాదు’ అన్న మాటను మాత్రం చిల్లర పైసలా పక్కన పడేశాను.

ఫార్మసీలో చేరాలంటే ముందు ఇంటర్ కావాలి. ఓపెన్ ఇంటర్‌లో బైపీసీ కట్టాను. ఆదివారాలు క్లాసులు, ప్రాక్టికల్ రికార్డులు. ఆ తర్వాత ఎంట్రెన్స్ రాయాలి. అది రాయందే ఎవరూ గడప తొక్కనివ్వరని నాకు నేనే తీర్మానించుకున్నాను. ఇంత చిన్న విషయానికి ఇంకొకరిని అడగడమెందుకు? మధ్యలో దుకాణం ఎటూ తప్పదు. రోజును ఇంటర్‌కు ఇంత, ఎంట్రెన్స్‌కు ఇంత, దుకాణానికి ఇంత అని మూడు వాటాలు వేసి, గర్వంగా నా భార్య సుగుణ ముందు పెట్టాను.

“అంటే మూడు పడవల మీద కాళ్లు పెడ్త అంటున్నవ్,” అంది సుగుణ, కుట్టు మిషను తొక్కుడు ఆపకుండానే.

“ఔ.”

“కాళ్లెన్నున్నయ్ నీకు?”

“రెండు.”

“మరి మూడోదాంట్ల ఏం పెడ్తవ్?”

“తల.”

“గదైతే ఖాళీగనే ఉన్నది. పెట్టు.”

ఆదివారం క్లాసుల్లో నా పక్కన కూర్చున్నవాళ్లకు మీసాలింకా రాలేదు. పాఠం చెప్పే సారుకు అప్పుడప్పుడే వస్తున్నాయి. నేను గీసిన కప్ప బొమ్మను ఆయన అటు తిప్పి, ఇటు తిప్పి, “ఇది వానపామా అంకుల్?” అని మర్యాదగా అడిగాడు. “కప్ప సార్,” అన్నాను. “కాళ్లేవి?” అన్నాడు. “కూసున్నది సార్,” అన్నాను. క్లాసంతా నాకోసం చప్పట్లు కొట్టింది.

నేను క్లాసుల్లో కప్పలను కూర్చోబెడుతున్న ఆదివారాలన్నీ దుకాణాన్ని సేటు ఒక్కడే నడిపాడు. ఒక్క పొరపాటు లేదు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఇంకొన్ని సంగతులున్నాయి. నేను చదువు మొదలుపెట్టినప్పటి నుంచి సేటు డాక్టరు చిట్టీలు తాను చూడడం మానేశాడు. “గట్టిగ చదువు మల్లేశం. చదువుకునేటోనికి ప్రాక్టీసు గావాలె,” అనేవాడు. నేను మురిసిపోయి, సంతలో కూరగాయలవాడిలా అరిచి చదివేవాణ్ణి. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా, “ఎవలు బిడ్డా?” అని ముందు పలకరించి, వాళ్లు బదులు చెప్పాకే ఏ మందు ఇవ్వాలో నాకు చెప్పేవాడు. ఎంత మర్యాదస్తుడో అనుకునేవాణ్ణి. పొద్దున సేటమ్మ ఆయన చెయ్యి పట్టుకుని దుకాణం దాకా వచ్చి, కుర్చీలో కూర్చోబెట్టి వెళ్లేది.

“ఏం సేటమ్మా, కొత్త జంట లెక్క చేతులు పట్టుకొని వస్తున్నరు,” అన్నాను ఒకసారి.

“నీకెందుకురా కండ్లమంట?” అంది సేటమ్మ. సేటు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

రెండూ రెండూ నాలుగని చెప్పడానికి నాకు కాలిక్యులేటర్ అక్కర్లేదు కదా. కానీ ఈ రెండును, ఆ రెండును పక్కపక్కన పెట్టాలన్న ఆలోచన ఉండాలి. అది కాలిక్యులేటర్లోనూ రాదు.

ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. ఎంట్రెన్స్‌కు ఎండాకాలం మిగిలింది. ఒక పడవ ఒడ్డుకు చేరింది కనుక కాళ్లు సరిపోతాయనుకున్నాను. సరిపోలేదు. పుస్తకం తెరిచి ‘జీర్ణవ్యవస్థ అనగా’ అని చదవగానే ఎవరో ఒకరు, “దగ్గు మందియ్యన్నా” అంటారు. ఇచ్చి వచ్చి మళ్లీ ‘అనగా’ దగ్గర కూర్చుంటే, “జండూ బాముందా?” నెల గడిచినా ‘అనగా’ దాటి నేను ముందుకు పోలేదు.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. ఇల్లు తగలబెట్టేది కూడా దీపమే.

దుకాణం నన్ను చదవనివ్వకపోతే దుకాణాన్నే పుస్తకం చేస్తే? అరలను అధ్యాయాల వారీగా సర్దితే? ఎవరైనా గ్యాసు గోలీ అడిగితే చెయ్యి జీర్ణవ్యవస్థలోకి పోతుంది. దగ్గు మందు అడిగితే శ్వాసవ్యవస్థ. మందు తీసినప్పుడల్లా పాఠం ఒకసారి తిరిగేసినట్టే! జీతానికి జీతం, చదువుకు చదువు.

పైగా సేటు సర్దిన తీరు చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్లు మండేది. అన్ని దుకాణాల్లో అక్షరాల వరసలోనో, కంపెనీల వరసలోనో పెడతారు. మా దుకాణంలో ఏ వరసా లేదు. ఫిట్సు గోలీల పక్కన బీపీ బిళ్లలు, వాటి పక్కన పిల్లల పౌడరు. ఒకే మందు రెండు మూడు చోట్ల. మధ్య బీరువాలో, చేతికి సరిగ్గా అందే ఎత్తులో, ఒక గూడు పూర్తిగా ఖాళీ! నేను చేరినప్పటి నుంచీ అది ఖాళీయే. ఇంత మంచి చోటును ఎండబెట్టినవాడికి లెక్క తెలుసంటారా?

మధ్యాహ్నం భోజనానికి సేటమ్మ వచ్చి సేటును తీసుకుపోతే ఆయన మళ్లీ ఎండ తగ్గాకే వచ్చేవాడు. ఆ వేళలో రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. రోజుకొక అధ్యాయం చొప్పున దుకాణాన్ని తిరగేశాను. సేటుకు చెప్పలేదు. పరీక్ష పాసై వచ్చాక చూపించి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఆయనెటూ కుర్చీలో కూర్చుని పేరు చెబుతాడు, తీసేవాణ్ణి నేనే.

జీర్ణవ్యవస్థ కింది అరల్లోకి దిగింది. నాడీవ్యవస్థ, తల కనుక, పై అరకు ఎక్కింది. ప్రసరణకు మధ్య బీరువా. ఎముకలకు బాములు, కాల్షియం. పునరుత్పత్తి అధ్యాయాన్ని గల్ల కింద, గుడ్డ కప్పి పెట్టాను. జ్వరం గోలీతోనే పెద్ద చిక్కొచ్చింది. జ్వరం ఏ అధ్యాయం? చాలాసేపు ఆలోచించి, ఒంటి వేడిని అదుపు చేసేది మెదడే కదా అని దాన్ని నాడీవ్యవస్థలోకి నిచ్చెనేసి ఎక్కించాను. అప్పటి నుంచి జ్వరమొచ్చిన ప్రతివాడి కోసం స్టూలెక్కి దిగడమే నా పని.

ఫిజిక్సును కూడా వదల్లేదు. థర్మామీటరు అంటే ఉష్ణం, వేడినీళ్ల సంచి అంటే ఉష్ణప్రసారం, బరువు చూసే మిషను అంటే గురుత్వాకర్షణ. బాటనీకి వచ్చేసరికి మాత్రం మందుల దుకాణంలో మొక్కలు దొరకలేదు. వెతికి వెతికి ఇసబ్‌గోలు డబ్బాలు, వేపసబ్బులు, పుష్పించే మొక్కల కింద గులాబీ పౌడరు డబ్బా తెచ్చి, ఆ ఖాళీ గూట్లో పెట్టాను. గూడు నిండింది. నా కడుపూ నిండింది.

పరీక్ష రోజు పొద్దున దుకాణం తెరిచి, సేటు కాళ్లకు మొక్కాను.

“పో బిడ్డా, నిమ్మలంగ రాయి. గీడ నేను చూసుకుంట. ఆదివారాలు చూసుకోలేదా?” అన్నాడు.

సెంటరు ప్రజ్ఞాపూర్ దాటాక ఒక కాలేజీలో పడింది. కంప్యూటరు ముందు కూర్చున్నాను. మొదటి ప్రశ్న చూడగానే నా పద్ధతి పనిచేసింది! కళ్లు మూసుకున్నాను. మా దుకాణం కనిపించింది. చెయ్యి చాచి గాలిలోంచి జవాబు తీశాను. రెండో ప్రశ్నకు కొంచెం లేచి పై అరలోంచి తీశాను. పరీక్ష మేడం నా దగ్గరికి వచ్చింది.

“అంకుల్, చేతులతోని ఎవలకు సైగలు చేస్తున్నరు?”

“సైగలు కాదు మేడం. క్లోమం తీస్తున్న.”

“ఏందీ?”

“రెండో బీరువ, కింది నుంచి మూడో అర.”

మేడం నన్ను కిందికీ మీదికీ చూసి గొంతు తగ్గించింది. “పొద్దుగాల ఏమన్న మందులు ఏసుకునేది మర్చిపోయిన్రా?”

జువాలజీ దంచేశాను. ఫిజిక్సులో థర్మామీటరు ఒక్కటే ఆదుకుంది. బాటనీలో ఇసబ్‌గోలు గురించి ఒక్క ప్రశ్నయినా అడుగుతారేమో అని చివరిదాకా చూశాను. అడగలేదు.

బయటికొచ్చి ఫోను వెలిగిస్తే సేటు చేసిన కాల్స్ వరసగా కనిపించాయి. పరీక్ష ఎట్లా రాశానో తెలుసుకోవడానికి ముసలాయన ఎంత ఆత్రపడుతున్నాడో అని గుండె ఉప్పొంగింది. ఫోనులో ఎందుకు, ఎదురుగా వెళ్లి చెబుదామని తిరిగి చెయ్యలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కుకునూరుపల్లి, కొండపాక దాటేదాకా రావాల్సిన మార్కులు కూడుకుంటూ వచ్చాను.

దుకాణం షట్టరు దించి ఉంది. దాని ముందు రేకుల నీడలో, లోపల ఉండాల్సిన స్టూలు మీద సేటు కూర్చుని ఉన్నాడు. పక్కన మెట్టు మీద కుకునూరుపల్లి ఎల్లవ్వ. ఆమె పెనిమిటి గీతపని చేసేవాడు. తాటిచెట్టు మీది నుంచి పడ్డప్పటి నుంచి ఆయనకు ఫిట్సు. నెలనెలా గోలీలకు ఆమే వస్తుంది.

నా చెప్పుల చప్పుడుకు సేటు తలెత్తాడు. “మల్లేశమేనా? ఎట్ల రాసినవ్ బిడ్డా?”

“మంచిగనే రాసిన. దుకాణం ఎందుకు బంజేసిన్రు సేటూ?”

“ముందు ఎల్లవ్వకు గోలీలియ్యి. పొద్దటి సంది కూసున్నది.”

“పొద్దుమూకితే ఆయనకు ఏసేదున్నది,” అంది ఎల్లవ్వ. “నిన్ననే అయిపోయినయ్.”

“పక్క దుకాణంల తీసుకోకపోయినవా అవ్వా?”

“నాకు చదువొస్తదా కొడుకా? ఎవ్వలు ఏమిస్తరో నాకేమెర్క? సేటు పొమ్మనే అన్నడు. నేనే పోలే. నువ్వొస్తవంటే కూసున్న.”

షట్టరెత్తి, స్టూలు లోపలికి తెచ్చి ఎక్కి, నాడీవ్యవస్థలోంచి రెప్పపాటులో గోలీలు తీశాను. ఎల్లవ్వ నోరు తెరిచి చూసింది.

“మా గోలీలు గంత మీదికెందుకెక్కినయ్? గీడుండాలె గదా,” అని కింది అరను వేలితో చూపించింది. అక్కడిప్పుడు గ్యాసు గోలీలున్నాయి.

ఆమె బస్సుకు పరుగెత్తింది. సేటు గోడను తడుముకుంటూ లోపలికొచ్చి, తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ తడమడాన్ని నేను మొదటిసారి చూశాను. అంటే రోజూ కనబడేదే, ఆరోజు చూశాను.

“జాగలు మార్చినవా మల్లేశం?”

“మార్చిన సేటూ.”

“ఏ లెక్కన?”

“జువాలజీ లెక్కన.”

సేటు నవ్వాడు. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఆగిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో నేను విడదీయలేకపోయాను.

“నాకు కండ్లు కనవడయిరా,” అన్నాడు చివరికి. “ఒకటి ఎన్నడో పోయింది. ఇంకోటి పొగ కమ్మినట్టు. కంటి నరం ఎండిపోయిందన్నరు పట్నం దవాఖానల. ఇగ రాదన్నరు.”

“మరి ఇన్నొద్దులు ఎట్లిచ్చిన్రు సేటూ? ఆదివారాలు?”

“గొంతు ఇంటుంటి. ఎవల గొంతుకు వాళ్ల జాగ. ‘ఎవలు బిడ్డా’ అంటే ‘నేను సేటూ, ఎల్లవ్వను’ అంటది. చెయ్యి దానంతటదే పోతుండె. ఇయ్యాల గూడ పోయింది. తీసి, పొట్లంల ఏసిచ్చిన. ‘సేటూ, గిది పచ్చగున్నదేంది, మాయి తెల్లగుంటయ్’ అన్నది. గప్పుడు ఎర్కైంది. పక్క జాగ చూసిన, అదీ వేరే. దాని పక్కది, అదీ వేరే. నీకు ఫోన్ చేసిన. ఇగ షట్టర్ గుంజి బయట కూసున్న. వచ్చినోళ్లందరికి చెప్పిన, నాకు కండ్లు కనవడయి, ఇయ్యాల బందని.”

బజారులో అందరికీ చెప్పేశాడన్నమాట. రెండేళ్లుగా సేటమ్మ చెయ్యి పట్టుకుని దాచుకున్న మాట.

వరస లేదనుకున్న అరలకు వరస ఉంది. అది మనుషుల వరస. మందు పేరుతో కాదు, మొదట ఎవరి కోసం తెచ్చి పెట్టాడో వాళ్ల పేరుతో ఆ చోటు. ఒకే మందు మూడు చోట్ల ఉందంటే అది వాడే మనుషులు ముగ్గురున్నారని. నేను ఆ మనుషులందరినీ లేపి, వాళ్ల చోట్లలో పేగులను, ఊపిరితిత్తులను కూర్చోబెట్టాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే నా మతి ఎక్కడికీ పోలేదు, అది అసలు లేదు కనుక. పోయినవి సేటు కళ్లు. రెండోసారి.

“రేపటిలోపల అన్ని ఎన్కకు పెడ్త సేటూ. ఎక్కడియి అక్కడ,” అన్నాను కాళ్ల దగ్గర కూర్చుని.

“వద్దు. నువ్వు మార్చకుంటే నేను ఇంకిన్నొద్దులు కూసుందును. ఎన్నడో ఒకనాడు కంపెనోడే డబ్బ మారుస్తుండె, ఎల్లవ్వ లెక్క చూసి చెప్పెటోళ్లు గప్పుడు లేకపోతుండె. నువ్వు మంచే జేసినవ్.”

ఆయన ఓదార్చడానికే అన్నాడు. ఆ ఓదార్పును ఇప్పటికీ ఎటు వేసి కూడినా నాకు లెక్క తేలదు.

మర్నాడు సర్టిఫికెట్ దించమన్నాడు. “ఉండనీయున్రి సేటూ, నేను నడుపుత, మీరు ఇంట్ల ఉండున్రి,” అన్నాను.

“నేను ఇంట్ల పండుకొని నా కాగితం గీడ ఏలాడితే దాన్ని ఏమంటర్రా? నీ కాగితం వచ్చినంక తెరుద్దాం. జాగ నాదే గదా, ఎటుపోదు.”

చట్రాన్ని గుడ్డలో చుట్టి సేటమ్మ చంకలో పెట్టుకుంది. గోడ మీద మొల మిగిలింది.

ర్యాంకు వచ్చింది. అందులో అంకెలు మా సేటు ఫోను నంబరు కన్నా కొంచెమే తక్కువ. అయినా ఎక్కడో ఒక సీటు రాకపోదన్నారు. సేటు ఇంటికెళ్లి చెప్పాను.

“నాలుగేండ్ల కోర్సు సేటూ. జర ఓపిక పట్టాలె.”

“నాలుగేండ్లా? దుకాణం కోసమేనారా?” సేటు మంచంలో లేచి కూర్చున్నాడు. “దుకాణానికి రెండేండ్ల డిప్లొమా చాలు. నేను చదివింది గదే. ఇంటర్ మార్కులు చూసి ఇస్తరు.”

“మరి ఎంట్రెన్స్?”

“డిప్లొమాకు ఎంట్రెన్స్ ఏందిరా?”

ర్యాంకు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

“నువ్వు పెద్ద చదువు చదువుతవేమో అనుకున్న,” అన్నాడు సేటు నెమ్మదిగా. “పిలగానికి ఉషారున్నది, నేనెందుకు ఆపాలె అనుకున్న. నన్ను అడిగితే చెప్తుంటి గదా.”

అడగలేదు. అక్కర్లేని పరీక్ష కోసం నడుస్తున్న దుకాణాన్ని నిలువునా పడగొట్టాను. కొండను తవ్వి ఎలుకను పట్టారంటే అదీ కొంత నయమే, ఎలుకైనా దొరికింది. నేను తవ్విన కొండ కింద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఇంటికొచ్చి సుగుణకు చెబితే, ఈసారి మిషను ఆపింది. వెక్కిరిస్తుందని తల వంచుకున్నాను. “అన్నం తిను,” అంది. అది ఇంకా భయంకరంగా ఉంది.

డిప్లొమాలో చేరాను. పగలు కాలేజీ, సాయంత్రం ఇంకొక దుకాణంలో పని. పడవలు రెండే, కాళ్లు సరిపోయాయి. ఆ రెండేళ్లు మా షట్టరు ముందు నుంచి వెళ్లాల్సి వస్తే రోడ్డు అవతలి పక్కకు దాటి నడిచేవాణ్ణి. ఎల్లవ్వ నేను సాయంత్రం పనిచేసే దుకాణం వెతుక్కుంటూ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ, “సేటెట్లున్నడు?” అని అడిగేది. “మంచిగున్నడు,” అనేవాణ్ణి. మంచిగా లేడు. పని లేని చేతులు ఒళ్లో పెట్టుకుని, వీధిలో పోయేవాళ్ల గొంతులు వింటూ గుమ్మంలో కూర్చునేవాడు.

నా కాగితం వచ్చిన వారంలోనే ఇద్దరం కలిసి దుకాణం తెరిచాం. పాత సరుకు గడువు దాటిపోయింది, అదంతా తీసేసి కొత్తది తెప్పించాను. స్టూలును కౌంటరు దగ్గర వేసి సేటును కూర్చోబెట్టాను. డబ్బాలన్నీ నేల మీద, ఖాళీ అరల ముందు నేను.

“చెప్పున్రి సేటూ.”

“కింది అర, కిటికీ పక్క మొదలుపెట్టు. గది ఎల్లవ్వ జాగ. పక్కపొంటి కొండపాక మాస్టరు జాగ, బీపీవి పెట్టు. గాయిన పక్కకు పిల్లల పౌడరు.”

“గదెవలది?”

“మాస్టరు బిడ్డది. నాయినతోటి వస్తుండె, సంకల పిల్లనేసుకొని.”

“ఇప్పుడా పిల్ల కాలేజీకి పోతుందేమో సేటూ.”

“పోనీ. పౌడర్ పెట్టు.”

అట్లా ఒక్కొక్క అరకు ఒక్కొక్క మనిషి వచ్చి కూర్చున్నాడు. కొందరి పేర్లు చెప్పి సేటు ఆగేవాడు. “ఆమె పోయింది. అయినా పెట్టు,” అనేవాడు. దుకాణం నిండింది. మధ్య బీరువాలో, చేతికి అందే ఎత్తులో, ఆ గూడు మిగిలింది.

“గీ ఖాళీ గూట్ల ఏం పెట్టాలె సేటూ? ఇంతకుముందు నేను ఇసబ్‌గోలు పెట్టిన గిండ్ల.”

“గండ్ల ఏం పెట్టకు. గది నీ జాగ.”

“నాదా?”

“నువ్వు వచ్చిన ఏడే పెట్టిన. నీకింక ఏ రోగం రాలే గదా, అందుకే ఖాళీగున్నది. ఖాళీగనే ఉండనీ.”

నేను డబ్బాలు సర్దుతున్నట్టు చాలాసేపు అటు తిరిగే ఉన్నాను. ఆయనకెటూ కనబడదని తెలుసు. అయినా తిరిగే ఉన్నాను.

ఆ తర్వాత సేటు రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. ఎవరొచ్చినా, “ఎవలు బిడ్డా?” అని, నేను చిట్టీ చదవకముందే చోటు చెప్పేవాడు. నేను కళ్లతో సరిచూసి ఇచ్చేవాణ్ణి. ఒక్కసారీ తప్పలేదు. ఆ ఏడు బతుకమ్మ పండుగ రాకముందే, నిద్రలోనే పోయాడు. మూడు నెలలు కూర్చున్నాడు. రెండేళ్లు నేను పడగొట్టకపోతే ఎన్నాళ్లు కూర్చునేవాడో, ఆ తీసివేత చెయ్యడానికి నాకు ఇంతవరకూ ధైర్యం రాలేదు.

స్టూలు అక్కడే ఉంది. కౌంటరుకు, మధ్య బీరువాకు నడుమ, నడిచే దారికి సరిగ్గా అడ్డం. మందుల కంపెనీ మనుషులు తగిలి పడబోతారు. సుగుణ సద్ది తెచ్చినప్పుడల్లా, “జర అవతలికి జరుపరాదా?” అంటుంది. అనేసి, తనే చీర కుచ్చిళ్లు పట్టుకుని చుట్టూ తిరిగి వస్తుంది.

కాబట్టి, గోడకు వేలాడుతున్న నా కాగితం సాక్షిగా, దాని మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక నా బతుకులో ఏ వస్తువునూ అది ఉన్న చోటి నుంచి బెత్తెడు కూడా కదపను. జువాలజీ లెక్కన గాని, ఇంకే లెక్కన గాని దేన్నీ సర్దను. ఎవరి చోటు ఏదో ముందు అడుగుతాను. ముఖ్యంగా ఆ స్టూలును జరపను. దానికి రోజూ నా మోకాలు కొట్టుకుంటుంది. అది చాలదన్నట్టు, ఈ మధ్య మోకాలు వాస్తోంది కూడా. అందుకని ఆ ఖాళీ గూట్లో ఒక బాము సీసా పెట్టుకున్నాను. కళ్లు మూసుకున్నా చెయ్యి దానంతటదే పోతుంది.